బ్యాచ్‌లో ముగ్గురు ప్రాజెక్టు కొనేద్దామంటున్నారు, నేనేం చేయాలి?

విజయనగరంలో మెకానికల్ నాలుగో సంవత్సరం చదువుతున్నానని, తలా ఐదు వేలు వేసుకుంటే మోడలు, రిపోర్టు, పీపీటీ అన్నీ చేతికిచ్చేవాళ్లు ఉన్నారని, బ్యాచ్‌లో మిగతా ముగ్గురూ అందుకు సిద్ధమైపోయారని రాశారు. సొంతంగా మొదలుపెట్టాక అది పనిచేయకపోతే వైవాలో, అంటే చివర జరిగే మౌఖిక పరీక్షలో, ఏం చూపించాలన్నది మీ భయం. నేను శ్రీకాకుళం జిల్లాలో ఇదే బ్రాంచి చదివాను. మేం తయారుచేద్దామనుకున్న యంత్రం అసలు తయారే కాలేదు. అయినా మా వైవా బాగా జరిగింది. కొనవద్దని గట్టిగా చెప్పడానికి నాకున్న ఆధారం అదే.

మేం అనుకున్నది జీడిపప్పు పొట్టు తీసే యంత్రం. బ్యాచ్‌లో ఒకరిది పలాస. వాళ్ల పెద్దమ్మ జీడి ఫ్యాక్టరీలో పప్పు ఒలిచే పనికి వెళ్లేవారు. యంత్రం బొమ్మ గీసుకుని గైడ్ గారి దగ్గరికి వెళితే ఆయన ఒకటే అడిగారు: "పొట్టు ఎప్పుడు ఊడుతుంది, ఎప్పుడు ఊడదు?" నలుగురం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. "అది తెలుసుకుని రండి, యంత్రం సంగతి తర్వాత" అన్నారు.

ఆ శనివారం శ్రీకాకుళం రోడ్డు స్టేషన్‌లో రైలెక్కి పలాస వెళ్లాం. అక్కడ పిక్కలను ఆవిరిలో ఉడికించి, ఆరాక ఒక్కొక్కటిగా పగలగొడతారు. పెంకులో ఉండే జీడి నూనె చర్మాన్ని కాల్చేస్తుంది కాబట్టి చేతులకు బూడిదో ఆముదమో రాసుకుంటారు. లోపలి పప్పును ట్రేలలో పరిచి బోర్మాలో, అంటే వేడిగాలి గదిలో, గంటల తరబడి ఆరబెడతారు. పొట్టు వదులయ్యేది అక్కడే.

పెద్దమ్మ గారు ఒక ట్రేలోంచి గుండు, అంటే విరగని పప్పు, తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపారు. పొట్టు జారి కింద పడింది. వెనక గోడ వైపు ట్రేలోంచి ఇంకొకటి తీసి అలాగే నలిపితే పప్పే రెండు బద్దలైంది. "ఇది ఎక్కువ ఎండిపోయింది బాబూ. తలుపు దగ్గరది ఇంకా పచ్చిగానే ఉంటుంది, నువ్వే చూడు" అన్నారు. నలిపి చూశాను. పొట్టు కదలలేదు. ఒకే బోర్మా, ఒకే సమయం, మూడు రకాల పప్పు. డబ్ల్యూ 320 రకం అంటే ఒక పౌనుకు 300 నుంచి 320 గుండ్లు తూగాలి. బద్ద అయిందంటే ఆ లెక్కలోంచి బయటికి వెళ్లినట్టే, ధర పడిపోతుంది. విరిగినప్పుడు మాట పడేది మాత్రం ఒలిచే ఆడవాళ్లని ఆమె చెప్పారు. తప్పు బోర్మాలో ఉంటే ఆ మాట వీళ్లెందుకు పడాలి? మా ప్రాజెక్టు ఆ నిమిషాన మారిపోయింది.

యంత్రం మానేసి, బోర్మాలో ఎక్కడ ఎంత వేడి ఉందో కొలవడం పనిగా పెట్టుకున్నాం. ఆరు సెన్సర్లు, వాటి అంకెలను చదివే ఆర్డుయినో అనే చిన్న సర్క్యూట్ బోర్డు ఒకటి. యజమాని మూడు షరతులు పెట్టారు: పని ఆగకూడదు, అదనంగా మనిషిని పెట్టేది లేదు, వైర్లు పప్పుకు తగలకూడదు. మూడో షరతు విన్నాకే, మా టంకం అతుకుల్లో సీసం ఉందన్న సంగతి మాకు తట్టింది.

విదేశాల్లో ఇలాంటి చివరి ఏడాది ప్రాజెక్టును క్యాప్‌స్టోన్ అంటారు, గోడ కట్టాక పైన పరిచే చివరి రాయి అని. అమెరికాలో ఇంజినీరింగ్ కోర్సులకు గుర్తింపునిచ్చే ఏబెట్, అంతవరకు చదివినదంతా వాడి, ప్రమాణాలకూ పరిమితులకూ లోబడి చేసే పెద్ద డిజైన్ పని ఒకటి పాఠ్యక్రమంలో ఉండాలంటుంది. పరిమితులు అన్న మాటకు అర్థం నాకు ఆ యజమాని షరతుల్లో తెలిసింది. కొనుక్కున్న మోడల్‌కు ఎవరి షరతులూ ఉండవు, ఎందుకంటే దాని కోసం ఎదురుచూసేవాళ్లు ఎవరూ లేరు.

మొదటి రోజే రెండు సెన్సర్లు తప్పుడు అంకెలు చూపించాయి. తేమ, నూనె ఆవిరి అతుకుల మీద చేరాయి. అన్నీ ఊడదీసి, మంచు నీళ్లలో సున్నా, మరిగే నీళ్లలో నూరు చూపిస్తున్నాయో లేదో ఒక్కొక్కటీ సరిచూసి, అతుకులు మూసి మళ్లీ పెట్టాం. అందుకు రెండు వారాలు పోయాయి. చివరికి తేలింది ఇదీ: వెనక గోడకూ తలుపుకూ మధ్య పది డిగ్రీలకు పైగా తేడా ఉంది. ట్రేలను మధ్యలో ఒకసారి కాక రెండుసార్లు తిప్పమని అడిగాం. వారం రోజులు తిప్పారు. బద్దలు కొంత తగ్గాయి.

వైవాకు బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ మొదటి ప్రశ్నే అది వేశారు: "వారం రోజుల లెక్కతో తగ్గిందని ఎలా చెబుతారు?" చెప్పలేమని, ఆ వారం వచ్చిన పిక్కల రకం వేరు కావచ్చని, ఆ మాట రిపోర్టులో కూడా రాశామని చెప్పాను. ఆయన కుర్చీ ముందుకు జరుపుకుని ఇంకా చాలాసేపు మాట్లాడారు. మా తర్వాత వెళ్లినవాళ్లు కొన్న ప్రాజెక్టుతో వెళ్లారు. మోడల్ చక్కగా తిరిగింది. ఆ మోటారే ఎందుకు ఎంచుకున్నారని అడిగితే నలుగురూ నిలబడిపోయారు. వాళ్లు తెలివితక్కువవాళ్లు కాదు, నా స్నేహితులే. వాళ్ల ముఖాలు తలచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

మీకు పలాసే కావాలని లేదు. మీ జిల్లాలోనే బొబ్బిలి వీణలు చేసే గొల్లపల్లి ఉంది. పనస చెక్క ఎంత ఆరితే తర్వాత వంగదన్నది వాళ్లు చేత్తో పట్టుకుని చెబుతారు. ఆ చెయ్యి చెప్పేదాన్ని తేమ కొలతతో పోల్చి చూడటమే ఒక సెమిస్టర్ పని. కాస్త దూరమైనా ఫర్వాలేదనుకుంటే పొందూరులో ఖాదీకి పత్తిని వాలుగ చేప దవడతో ఏకుతారు. ఏదైనా సరే, ప్రశ్న చిన్నదిగా ఉండాలి, జవాబు దొరికితే సంతోషించే మనిషి ఒకరు ఉండాలి.

చివరి సెమిస్టర్ వచ్చేదాకా ఆగవద్దు, అలాంటి చోటికి వెళ్లడానికి ఇప్పుడే మీ డిపార్ట్‌మెంటు హెడ్ (హెచ్‌ఓడీ) గారి దగ్గర అనుమతి పత్రం తీసుకోండి. పనివాళ్లను అడగకుండా ఫోటోలు తీయకండి. మీ ముగ్గురు స్నేహితులతో వాదించకండి కూడా. డబ్బు కట్టేముందు ఒక్క శనివారం ఇమ్మని అడిగి, వాళ్లను బొబ్బిలి బస్సు ఎక్కించండి. తిరిగి వచ్చాక మీకు తోచిన ప్రశ్నను ఇక్కడే రాయండి, అది ఒక సెమిస్టర్‌కు సరిపోతుందో లేదో చదివి చెబుతాను.