ఆర్‌ఎస్‌ఓ కావాలనుకుంటున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

ఎమ్మెస్సీ ఫిజిక్స్ అయ్యాక క్యాన్సర్ ఆసుపత్రిలో రేడియేషన్ సేఫ్టీ చూసే ఉద్యోగం, అదే రేడియేషన్ సేఫ్టీ ఆఫీసర్ (ఆర్‌ఎస్‌ఓ) ఉద్యోగం చేస్తానన్నావట, మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషమైంది తల్లీ. ఒట్టి ఎమ్మెస్సీ ఫిజిక్స్ మాత్రం చాలదు. ముంబయిలో బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) వాళ్ళ రేడియలాజికల్ ఫిజిక్స్ డిప్లొమా అయినా చెయ్యాలి, మెడికల్ ఫిజిక్స్‌లో ఎమ్మెస్సీ అయినా చెయ్యాలి. రెండోది మన ఉస్మానియాలోనూ ఉంది. నీకు ఎమ్మెస్సీ ఎలాగూ ఉంది కాబట్టి డిప్లొమాకే రాయి, ఏడాదిలో అయిపోతుంది. ఆ తర్వాత ఆసుపత్రిలో ఏడాది ఇంటర్న్‌షిప్, ఆపైన లెవెల్-3 ఆర్‌ఎస్‌ఓ పరీక్ష.

పరీక్ష పాసయితే ఆర్‌ఎస్‌ఓ అయిపోయినట్టు కాదు. యాజమాన్యం నీ పేరు పంపాలి, రేడియేషన్ భద్రత చూసే కేంద్ర సంస్థ ఏఈఆర్‌బీ ఒప్పుకోవాలి. ఆ ఆమోదం ఆ ఒక్క ఆసుపత్రికే. అది చేతికి రాకముందు ఎవరెంత తొందరపెట్టినా ఆర్‌ఎస్‌ఓగా సంతకం పెట్టకు.

ఇంటర్న్‌షిప్ ఏడాదిని కంప్యూటర్ ముందు ట్రీట్‌మెంట్ ప్లానింగ్‌తోనే గడిపెయ్యొద్దు. సర్వే మీటరు పట్టుకుని గోడల వెనకా, తలుపు దగ్గరా, కంట్రోల్ రూములో రేడియేషన్ నువ్వే కొలిచి చూడు. బ్రాకీథెరపీలో, అంటే రేడియేషన్ సోర్సుని ఒంట్లోకే పంపి చేసే చికిత్సలో, ఇరిడియం సోర్సు పేషెంటు ఒంట్లోంచి వెనక్కి రాకపోతే ఏం చెయ్యాలో డ్రిల్లు చెయ్యి: ఎమర్జెన్సీ స్టాప్, సోర్సుని వెనక్కి లాగడానికి చేత్తో తిప్పే క్రాంకు, అదీ పనిచెయ్యకపోతే సోర్సు వెళ్ళే గొట్టం, అదే అప్లికేటర్, ఒంట్లోంచి తీసి సీసం డబ్బాలో వెయ్యడం. ఆ డబ్బా, పొడవాటి పటకారు గదిలో ఎక్కడున్నాయో కళ్ళు మూసుకుని చెప్పగలగాలి. ఇది నాకెంతో ముఖ్యం, అందుకే ఇంత రాస్తున్నాను.

మన దేశంలో రేడియేషన్ దగ్గర పనిచేసే ఉద్యోగికి డోసు పరిమితి ఐదేళ్ళ సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు (ఒంటి మీద పడే రేడియేషన్‌కి కొలమానం అది), ఏ ఒక్క ఏడాదీ 30 దాటకూడదు. అంకెలు ఎవరైనా బట్టీ పడతారు. ఆ అంకె వెనక మనిషుంటాడు. నా ఉద్యోగంలో ఒకసారి ఒక టెక్నీషియన్ టీఎల్‌డీ బ్యాడ్జీకి (మనిషి మీద పడిన డోసు కొలిచేది) రీడింగ్ ఎక్కువొస్తే, విచారించకుండానే అతన్ని అందరి ముందూ కేకలేశాను. తీరా చూస్తే సీసపు ఏప్రాన్‌కి బ్యాడ్జీ పెట్టి ఎక్స్‌రే గదిలోనే తగిలించి వెళ్ళేవాడు, రోజంతా డోసు పడింది దానిమీదే. ఏప్రాన్ లోపల, ఛాతీ మీద పెట్టుకోవాలనీ, పనయ్యాక ఆ గదిలో ఉంచకూడదనీ అతనికి నేర్పాల్సింది నేనే, నేర్పలేదు. ఆ తర్వాత కొత్తగా చేరిన ప్రతివాళ్ళకీ మొదటిరోజే బ్యాడ్జీ నా చేత్తో పెట్టి చూపించేవాణ్ణి.

మీ మావయ్య