రెండో కోత తర్వాత సూపర్ నేపియర్ పలచబడితే

పశువుల మేతకు వేసిన సూపర్ నేపియర్ గడ్డిని జానెడు మోడు వదిలి కోస్తున్నామని, రెండో కోత తర్వాత పిలకలు సన్నగా, పసుపుగా వస్తున్నాయని ఒక రైతు అడిగారు. తెగులేమోనని టెన్షన్ పడకండి, చాలావరకు కారణం ఆ జానెడు మోడు వదలడమే. ఎత్తుగా కోస్తే పై కణుపుల నుంచి బలం లేని కొమ్మలే వస్తాయి, దుబ్బు అడుగు నుంచి రావాల్సిన లావుపాటి పిలకలు తగ్గిపోతాయి.

1. ఆ మోళ్లను పదునైన కొడవలితో నేలకు దగ్గరగా కోసేయండి. మనసొప్పదు, అయినా కోయండి.

2. చాలామంది వదిలేసేది ఇదే: కోసిన ప్రతిసారీ ఎరువు వేయాలి. నాటేటప్పుడు వేసిన పశువుల ఎరువు ఏడాదంతా సరిపోదు, ఎందుకంటే ప్రతి కోతతో గడ్డితోపాటు బోలెడంత నత్రజని కూడా పొలం దాటిపోతుంది. ఎకరాకు సుమారు 25 కిలోల యూరియా సాళ్ల వెంట వేసి వెంటనే తడి ఇవ్వండి, పొడి నేల మీద చల్లి వదిలేస్తే అందులో కొంత నత్రజని గాల్లో కలిసిపోతుంది.

3. కలుపు తీసి, దుబ్బులకు మట్టి ఎగదోయండి. నీళ్లు నిలవకూడదు.

4. తర్వాతి కోత 45 రోజులకు. ఇంకా ఆలస్యమైతే కాండం ముదిరి గేదెలు వదిలేస్తాయి, మరీ లేత గడ్డి ఒక్కటే మేపడమూ మంచిది కాదు, ఎండుగడ్డి కలపండి.