మునిసిపల్ షాపును గుడ్‌విల్ ఇచ్చి తీసుకోవచ్చా?

మునిసిపల్ కాంప్లెక్స్‌లో లీజుదారు గుడ్‌విల్ (షాపు మీకు వదిలేందుకు అద్దె కాకుండా విడిగా తీసుకునే డబ్బు) అడుగుతున్నాడు, స్టాంపు పేపరు మీద రాసిస్తానంటున్నాడు, తీసుకోవచ్చా అని కదా మీ ప్రశ్న. వద్దండీ. అలాంటి కాంప్లెక్స్‌లోనే వేలంలో షాపు పాడుకుని ఏళ్ల తరబడి స్టేషనరీ నడిపాను. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నా.

మా వరసలో ఒకాయన అచ్చం ఇలాగే షాపులోకి దిగాడు. నెలనెలా అద్దె కట్టింది ఆయనే, రశీదు మాత్రం పాత లీజుదారు పేరు మీదే. గడువు అయిపోయాక షట్టరుకు అంటించిన నోటీసులోనూ అదే పేరు. పరుగున ఆఫీసుకెళ్తే "రికార్డులో మీ పేరే లేదు, మీకు మేమేం సమాధానం చెప్తాం?" అన్నారు. గుడ్‌విల్ తీసుకున్న మనిషి ఫోను ఎత్తడం మానేశాడు. అప్పు చేసి వేయించుకున్న ర్యాకులన్నీ ఆయన ఒక్కో బోల్టూ విప్పుకుంటుంటే చూడలేకపోయాం.

1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం ఒప్పందంలో వద్దని లేకపోతే లీజుదారు తన షాపును ఇంకొకరికి లీజుకు, అంటే సబ్‌లీజుకు, ఇవ్వొచ్చు. ప్రభుత్వ లీజుల్లో సాధారణంగా వద్దనే రాసుంటుంది. ఇక ఆయన రాసిస్తానంటున్న స్టాంపు పేపరుకు విలువేముంది? ఏడాదికి మించిన లీజైతే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ప్రైవేటు ఓనరు దగ్గర కిరాయికున్నవాళ్లకు దొరికే రెంట్ కంట్రోల్ చట్టం రక్షణ (ఓనరు ఇష్టమొచ్చినట్టు ఖాళీ చేయించకుండా) ప్రభుత్వ భవనాల్లో దొరకదు. అనధికారికంగా ఉన్నవాళ్లను ప్రభుత్వ ఆస్తుల నుంచి ఖాళీ చేయించడానికి కేంద్రానికి 1971 చట్టం, మన తెలుగు రాష్ట్రాలకు 1968 చట్టం వేరే ఉన్నాయి. నోటీసు, సంజాయిషీ, ఆ తర్వాత ఆర్డరు. ఏళ్లకేళ్లు దావా నడుస్తుందిలే అన్న ధీమా పెట్టుకోకండి.

అదే షాపు మీద మనసుంటే ముందు సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. లీజు ఎవరి పేరున ఉంది, ఎప్పటితో ముగుస్తుంది, బకాయిలెంత, సబ్‌లీజుకు అనుమతి ఉందా, ఇవన్నీ అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. గడువు దగ్గరపడి ఉంటే ఆగి, వేలంలో ధరావతు కట్టి మీ పేరునే పాడుకోండి. కొన్ని షాపులు ఎస్సీ, ఎస్టీలకు, దివ్యాంగులకు రిజర్వ్ అయి ఉంటాయి, ప్రకటనలో అది చూసుకోండి. పాట పాడేముందు పన్ను కూడా లెక్కలో వేసుకోండి. మీకు జీఎస్టీ నంబరు ఉంటే అద్దె మీద 18 శాతం జీఎస్టీని రివర్స్ ఛార్జ్ కింద, అంటే మునిసిపాలిటీ బదులు మీరే నేరుగా ప్రభుత్వానికి కట్టాలి.