పాత లెడ్జర్ ఎప్పుడు మూయాలి?

ప్రశ్న: నమస్కారమండీ. పశ్చిమ గోదావరి జిల్లాలో ఒక ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘానికి ఇన్‌ఛార్జి సీఈఓగా చేస్తున్నాను. వయసు 33. మా సంఘం లెక్కలు కంప్యూటర్‌లోకి ఎక్కించి చాలా నెలలైంది. అయినా ఇప్పటికీ పుస్తకాల్లో రాస్తున్నాం, కంప్యూటర్‌లోనూ కొడుతున్నాం. మా సీనియర్ క్లర్కు గారికి 57 ఏళ్ళు. మా నాన్నగారితో కలిసి పనిచేసిన మనిషి. నన్ను ‘అమ్మాయ్’ అనే పిలుస్తారు. కంప్యూటర్ జోలికి రారు. ‘కరెంటు పోతే నీ మిషను ఏం చెబుతుంది? నా పుస్తకమే చెప్పాలి’ అని రైతుల ముందే అంటారు. ఆయన్ని చూసి మిగతా ఇద్దరూ వోచర్లన్నీ శనివారం దాకా పోగేస్తున్నారు. డే ఎండ్, అంటే కంప్యూటర్‌లో ఆ రోజు లెక్క మూయడం, అవదు. రాత్రి ఎనిమిదింటి దాకా నేనొక్కదాన్నే కూర్చోవాల్సి వస్తోంది. మెమో ఇవ్వమని సంఘాన్ని నడిపే త్రిసభ్య కమిటీలో ఒకరు అంటున్నారు. ఇస్తే ఊళ్ళో ముఖం ఎత్తుకోలేను. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మెమో ఇప్పుడే వద్దు. అలాగని ‘పెద్దాయన కదా’ అని వదిలేయడమూ వద్దు.

సహకార బ్యాంకు తరఫున సంఘాల తనిఖీకి తిరిగిన ఉద్యోగం నాది. ఏ సంఘంలోకి వెళ్ళినా మీ క్లర్కు గారి లాంటి మనిషి ఒకరు కనబడేవారు. ఊళ్ళో నలుగురు వెంకటేశ్వరరావులుంటే ఎవరి ఖాతా ఏదో ఆయనకే తెలుసు. తండ్రి పోయి పదేళ్ళైనా వాటాధనం ఆ తండ్రి పేరు మీదే ఉందనీ, పొలం ముగ్గురు కొడుకులూ పంచుకున్నారనీ, అప్పు మాత్రం రెండోవాడు కడుతున్నాడనీ ఆయన లెడ్జర్ తెరవకుండానే చెప్పేవారు. రైతు వచ్చి సీఈఓ ముందు కాదు, ఆయన బల్ల ముందు నిలబడేవాడు. అలాంటి మనిషి కీబోర్డు ముందు కూర్చుని ఒక అక్షరం కోసం వేలితో వెతుక్కుంటుంటే, వెనకాల నిలబడ్డ కుర్రాడు ‘తాతా, అది కాదు, దాని పక్కది’ అంటాడు. మీ క్లర్కు గారు తప్పించుకుంటున్నది ఆ ఒక్క క్షణాన్ని.

బ్యాంకుల్లో ఇదంతా ఎప్పుడో నడిచింది. 1983లో కంప్యూటర్ల మీద యాజమాన్యాలకూ ఉద్యోగ సంఘాలకూ ఒప్పందం కుదిరింది. అందులోనూ యంత్రాలు ఎక్కడ పెట్టాలి, ఎంతవరకు వాడాలి అని పరిమితులు రాసుకున్నారు. మరుసటి ఏడాది బ్యాంకుల్లో కంప్యూటర్ల మీద రంగరాజన్ కమిటీ నివేదిక వచ్చింది. అప్పటి భయం ఉద్యోగాలు పోతాయని. మీ సంఘంలో ఎవరి ఉద్యోగమూ పోయేలా లేదు, భయం మాత్రం పోలేదు. అది పరువు భయం కాబట్టి మెమోతో ఇంకా ముదురుతుంది.

ఇక ఎరువుల సంగతి చూడండి. వేలిముద్ర వేసి యూరియా ఇచ్చే పాస్ మెషీన్ 2016లో ప్రయోగంగా మొదలైన జిల్లాల్లో మీదీ ఉంది. వేలిముద్రలు పడక ముసలి రైతులు, సిగ్నల్ కోసం మెషీన్ పట్టుకుని గుమ్మం బయటికి పరిగెత్తే అటెండర్లు, ఎంత గొడవ! అయినా నిలబడింది. మెషీన్‌లో పడకుండా బస్తా అమ్మడానికి వీల్లేకుండా చేశారు, అంతే. మీ లెక్కల విషయంలో పాత దారి ఇంకా తెరిచే ఉంది. పుస్తకం రాసినంతకాలం కంప్యూటర్ అదనపు చాకిరీగానే ఉంటుంది, ఆ చాకిరీ ఎప్పుడూ మీ మీదే పడుతుంది.

కాబట్టి పుస్తకాలు ఆపే తేదీ ఒకటి పెట్టండి. అన్నీ ఒకేసారి వద్దు. సహకార శాఖ చేతిరాతలోనే ఉంచమన్న పుస్తకాల జోలికి పోకుండా, డిపాజిట్ల లెడ్జర్ లాంటి చిన్నదానితో మొదలుపెట్టండి. ఏప్రిల్ 1 బాగుంటుంది. నాట్లప్పుడు, యూరియా క్యూలు రోడ్డు దాకా ఉన్నప్పుడు మాత్రం ఇలాంటి పని పెట్టుకోకండి. ఆ తేదీని కమిటీ చేత తీర్మానం చేయించండి. మెమో ఇమ్మన్న సభ్యుడి చేతనే ప్రతిపాదన పెట్టిస్తే మరీ మంచిది.

తేదీ వచ్చేలోగా క్లర్కు గారికి ఒక పని అప్పజెప్పండి. సభ్యుల జాబితా ప్రింటు తీసి, ఎర్ర పెన్నుతో సరిచేసి ఇమ్మనండి. చనిపోయినవాళ్ళు, రెండుసార్లు ఎక్కినవాళ్ళు, ఆధార్‌లో ఒక పేరు, పాస్‌పుస్తకంలో ఒక పేరు ఉన్నవాళ్ళు... ఇది బయటి నుంచి వచ్చిన డేటా ఎంట్రీ కుర్రాళ్ళ వల్ల అయ్యే పని కాదు. ఆయన పక్కన కూర్చుని కంప్యూటర్‌లో మీరు దిద్దండి. మొదట్లో కీబోర్డు ఆయన చేతికి ఇవ్వకండి. తర్వాత ఆయనే ‘ఏదీ, జరుగమ్మాయ్’ అంటే అప్పుడు జరగండి. అనకపోయినా కొంప మునగదు.

కరెంటు గురించి ఆయన అన్నమాటలో తప్పు లేదు. ఇన్వర్టర్ సరిగా పనిచేస్తోందా? రోజూ సాయంత్రం చిఠ్ఠా ప్రింటు తీసి, ఆయన చేత సంతకం పెట్టించి ఫైల్లో పెట్టండి. కరెంటు పోయినా ఆ రోజు లెక్క కాగితం మీద ఉంటుంది, ఆయన సంతకంతోనే ఉంటుంది.

రైతుల ముందు వెటకారం మాత్రం ఊరుకోవద్దు. ఆఫీసులో కాదు, ఒక ఆదివారం వాళ్ళింటికి వెళ్ళండి. ఇది మీరు ముచ్చటపడి తెచ్చింది కాదనీ, 2022 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం 2,516 కోట్లతో 63,000 సంఘాలకు ఒకే సాఫ్ట్‌వేర్ పెట్టాలని నిర్ణయించిందనీ, నాబార్డు చూస్తున్న పని అనీ చెప్పండి. రేపు మీరు బదిలీ అయిపోయినా ఆగదు. ‘బాబాయ్, తిట్టాలంటే లోపల తిట్టండి, రైతు ముందు అనకండి’ అని సూటిగా అడగండి. ఆ తర్వాత కూడా మానకపోతే మెమో ఇవ్వండి. అప్పుడు ఊరు మిమ్మల్ని తప్పుపట్టదు.

మిగతా ఇద్దరితో ఇంత ఓపిక అక్కర్లేదు. వాళ్ళకు వయసు అడ్డం కాదు, శనివారం అలవాటు అడ్డం. ఏ రోజు లెక్క ఆ రోజు మూస్తేనే మరుసటి రోజు తెరుచుకునే సాఫ్ట్‌వేర్ అది. మధ్యాహ్నం మూడు తర్వాత వోచరు రాని లావాదేవీకి నగదు ఇవ్వకండి. కౌంటర్ దగ్గర రైతు అడుగుతుంటే వోచరు దానంతటదే వస్తుంది. రాత్రి ఎనిమిదింటి దాకా కూర్చోవడం ఈరోజే మానేయండి. మీరు కూర్చున్నంతకాలం వాళ్ళకు హాయి.

ఇన్‌స్పెక్టర్ బుద్ధి పోదు కదా, ఒక్క సంగతి జాగ్రత్త. సభ్యులవారీ బాకీల మొత్తం జనరల్ లెడ్జర్‌తో, అంటే సంఘం మొత్తం లెక్కల పుస్తకంతో, కలవకపోవచ్చు. చాలాచోట్ల అది దొంగతనం కాదు, ఏళ్ళ తరబడి ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి మోసుకొచ్చిన తప్పు. ఎవరినీ అనుమానించకండి, కానీ కలపడానికి ఏదో ఒక పద్దులో సర్దేయకండి. తేడా ఎంతో రాసి కమిటీకి, ఆడిటర్‌కి ఇచ్చి అక్నాలెడ్జ్‌మెంట్ తీసుకోండి. కంప్యూటర్‌లో మొదట ఎక్కించిన నిల్వల (ఓపెనింగ్ బ్యాలెన్సుల) మీద మీ సంతకం ఉంటే రేపు ఆ తేడా మీదవుతుంది.

ప్రశ్న: మిర్యాలగూడ దగ్గర రైస్ మిల్లులో మేనేజర్‌ని. ఆటోమేటిక్ ప్యాకింగ్ మెషీన్ వస్తోంది. వచ్చేదాకా హమాలీలకు చెప్పొద్దని మా సేటు అంటున్నారు. చెప్పాలా, వద్దా?

జవాబు: మెషీన్ కోసం దిమ్మె కట్టిన మేస్త్రీ ఎప్పుడో చెప్పేసి ఉంటాడు. వాళ్ళకు తెలియనిది ఎంతమంది మిగులుతారన్నదే. సేటు దగ్గర కూర్చుని మూడు తేల్చుకోండి: లోడింగ్, అన్‌లోడింగ్‌కి ఎంతమంది కావాలి, బస్తా కూలి మారుతుందా, మెషీన్ మీద పని నేర్చుకునే ఇద్దరు ముగ్గురు ఎవరు. అది తేలాక ముందు హమాలీ మేస్త్రీకి ఒక్కడికే చెప్పి, మర్నాడు అందరినీ కూర్చోబెట్టండి. సేటును కూడా అక్కడే ఉండమనండి. కూలి సంగతి వాళ్ళు మిమ్మల్ని కాదు, ఆయన్నే అడుగుతారు.