ముందే వెలిగించిన రెండో బాయిలర్

ప్రశ్న: నేను స్టీమ్ ఇంజన్ల మీద ఫైర్‌మేన్‌గా చేరి, డ్రైవర్‌గా రిటైరయ్యాను. మొన్న మా మనవడు పెర్ల్ హార్బర్ దాడి మీద ఏదో వీడియో చూపిస్తూ, నెవాడా అనే అమెరికా యుద్ధనౌక బాంబులు పడుతుండగానే ముప్పావుగంటలో రేవు నుంచి కదిలిందని చెప్పాడు. నేను నమ్మలేదు. చల్లారిన ఇంజన్‌ని లైటప్ చేసి, ప్రెషర్ ఎక్కించి, షెడ్డు బయటికి తేవడానికి మాకు గంటలు పట్టేది. అంత పెద్ద ఓడ అంత తొందరగా ఎలా కదులుతుంది?
— ఒక రిటైర్డ్ లోకో డ్రైవర్, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: బాబాయ్ గారూ, మీ అనుమానం సరైనదే, మీ మనవడు చెప్పిందీ నిజమే. బాయిలర్లన్నీ చల్లగా ఉంటే ఆ ఓడకీ గంటలే పట్టేది. కానీ ఆ పొద్దున నెవాడాలో బాయిలర్లన్నీ చల్లగా లేవు.

1941 డిసెంబర్ 7, ఆదివారం. పెర్ల్ హార్బర్ అంటే హవాయిలో అమెరికా నేవీ రేవు. అక్కడ లంగరేసి ఉన్నా ఓడలో లైట్లకీ పంపులకీ ఫిరంగులు తిప్పడానికీ కరెంటు కావాలి, అందుకని ఒక బాయిలర్ మండుతూనే ఉంటుంది. ఆ పొద్దున డెక్ మీద డ్యూటీలో ఉన్నది జో టాసిగ్ అనే చిన్న వయసు ఆఫీసర్. యుద్ధం వస్తుందని అతను కలగనలేదు. ఒకే బాయిలర్ మీద ఇంతసేపు లోడు పెట్టడం ఎందుకు, ఇంకోదాని మీదికి మారుద్దాం అనుకుని రెండోదాన్ని కూడా వెలిగించమని ముందే చెప్పాడు. ఇది మీకు నేను విడమరిచి చెప్పక్కర్లేదు, డ్యూటీ సరిగ్గా చేసే ఏ మనిషైనా చేసే పనే. 7 గంటల 55 నిమిషాలకి జపాన్ విమానాలు వచ్చాయి, ఆ రెండో బాయిలర్ వల్లే 8 గంటల 40 నిమిషాల ప్రాంతంలో నెవాడా కదిలింది. అప్పటికే ముందు భాగంలో ఒక టార్పెడో తగిలి నీళ్ళు ఎక్కుతున్నాయి, టాసిగ్ కాలు నుజ్జయిపోయింది, అయినా తన స్థానం వదిలి వెళ్ళనన్నాడు. ఆ కాలు తర్వాత తీసేయాల్సి వచ్చింది.

ఇంకో సంగతి, ఇది మీకు నచ్చుతుంది. బొగ్గు లేకుండా పూర్తిగా ఆయిల్‌తోనే నడిచేలా అమెరికా కట్టిన మొదటి యుద్ధనౌకలు నెవాడా, దాని జంట ఓడ ఓక్లహోమా. అంటే మీలాగా పార పట్టుకుని ఫైర్‌బాక్స్ ముందు నిలబడే పని లేదు, బర్నర్లు వెలిగించి ఆయిల్ పెంచుకుంటూ పోవడమే. రెండు ఓడలకీ ఇంజన్లు మాత్రం వేరే రకాలు పెట్టి చూశారు. ఓక్లహోమాలో మీకు తెలిసిన పిస్టన్ ఇంజన్, నెవాడాలో టర్బైన్.

ఈ ఆయిల్ వల్లే 1918లో ఒక వింత జరిగింది. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా తన యుద్ధనౌకల్ని బ్రిటన్‌కి సాయంగా పంపినప్పుడు, బ్రిటన్‌లో ఆయిల్ కరువుగా ఉందని ముందు బొగ్గుతో నడిచే పాతవాటినే పంపింది. అప్పటికి రెండేళ్ళ కిందటే సర్వీసులోకి వచ్చిన కొత్త ఓడ నెవాడా ఆగస్టులో గానీ బయల్దేరలేదు, అదీ ఐర్లండ్‌లోని బాంట్రీ బే దగ్గర కాపలాకి. ఆ యుద్ధంలో దానికి శత్రువే ఎదురుపడలేదు.

మళ్ళీ పెర్ల్ హార్బర్‌కి వద్దాం. కెప్టెన్ ఒడ్డున ఉన్నాడు. ఓడలో ఉన్నవాళ్ళలో పెద్ద ర్యాంకు ఫ్రాన్సిస్ థామస్ అనే రిజర్వ్ ఆఫీసర్‌ది, ఆయనే నడిపించాడు. మామూలుగా అలాంటి ఓడని రేవులోంచి తీయాలంటే చుట్టూ టగ్ బోట్లు ఉండాలి, ఆ రోజు ఒక్కటీ లేదు. లంగరు దిమ్మకి కట్టిన తాళ్ళు విప్పడానికి ఎడ్విన్ హిల్ అనే సీనియర్ నావికుడు, పైనుంచి తూటాలు కురుస్తుంటే దిమ్మ మీదికి వెళ్ళి తాళ్ళు వదిలేసి, కదిలిపోతున్న ఓడ దగ్గరికి ఈదుకుంటూ తిరిగి వచ్చాడు. నీళ్ళలో ఆగిపోయి ఉంటే బతికేవాడేమో. కాసేపటికే ముందు డెక్ మీద లంగరు వదిలే ప్రయత్నంలో ఉండగా బాంబులు పడి చనిపోయాడు.

పక్కనే అరిజోనా అనే ఇంకో యుద్ధనౌక మంటల్లో కాలిపోతోంది, ఆ సెగలోంచే నెవాడా దాటుకుంటూ పోయింది. రేవులో ఉన్నవాళ్ళంతా కేకలు పెట్టి సంబరపడ్డారట. జపాన్ పైలట్లకి కూడా అదే కనపడింది, రేవు నోట్లో దీన్ని ముంచేస్తే దారి మొత్తం మూసుకుపోతుందని గుంపుగా దీని మీదికే దిగారు. కనీసం ఆరు బాంబులు తగిలాయి. సముద్రంలోకి పోవద్దని ఒడ్డు నుంచి సిగ్నల్ వచ్చింది, దాంతో దారికి అడ్డం పడకుండా హాస్పిటల్ పాయింట్ అనే చోట ఒడ్డుకి ఎక్కించారు, తర్వాత టగ్ బోట్లు దాన్ని అవతలి ఒడ్డుకి చేర్చాయి. 60 మంది చనిపోయారు. పెద్ద యుద్ధనౌకల్లో ఆ పొద్దున కదలగలిగింది ఇదొక్కటే.

మీలాంటి పని చేసినాయన ఇంకొకరు ఉన్నారు, ఆయన గురించి చెప్పకుండా నేను ఆపలేను. డోనాల్డ్ రాస్, మెషినిస్టు, ముందువైపు డైనమో గదిలో పని. గది నిండా పొగ, ఆవిరి, వేడి. తన కింది వాళ్ళందర్నీ బలవంతంగా బయటికి పంపేసి, కరెంటు పోకుండా అన్ని పనులూ ఒక్కడే చేస్తూ, కళ్ళు కనపడకుండా పోయి స్పృహ తప్పి పడిపోయాడు. బయటికి లాగి బతికించారు. మళ్ళీ లోపలికి పోయాడు! వెనకవైపు డైనమో గదికి వెళ్ళి అక్కడా పడిపోయాడు, లేచి మళ్ళీ పనిలో నిలబడ్డాడు, వదిలేసి రమ్మని ఆర్డర్ వచ్చేదాకా. హిల్‌కీ రాస్‌కీ అమెరికా తన అత్యున్నత సైనిక పతకం మెడల్ ఆఫ్ ఆనర్ ఇచ్చింది, హిల్‌కి చనిపోయాక.

ప్రశ్న: నెవాడా రాష్ట్రానికి అసలు సముద్రమే లేదు కదా, ఓడకి ఆ పేరేంటి?
— పట్నం బజార్, గుంటూరు

జవాబు: అప్పట్లో అమెరికా యుద్ధనౌకలకి రాష్ట్రాల పేర్లే పెట్టేవారు, తీరం ఉందా లేదా అని చూడలేదు. ఓక్లహోమాకీ సముద్రం లేదు. పాపం ఆ ఓడ పెర్ల్ హార్బర్‌లో బోర్లా పడి 429 మందిని తీసుకుపోయింది.

ప్రశ్న: మా ఎన్‌సీసీ క్యాంపులో ఈ నెవాడా గురించి విన్నాను. ఒడ్డుకి ఎక్కించాక ఏమైంది? విశాఖలో కురుసుర సబ్‌మెరైన్‌ని మ్యూజియం చేసినట్టు దీన్ని ఎందుకు చేయలేదు? మా అన్నయ్య హ్యూస్టన్‌లో ఉంటాడు, అలాంటి ఓడ ఏదైనా ఉంటే చూసి ఫోటోలు పంపమంటాను.
— డిగ్రీ విద్యార్థిని, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: అమ్మా, ముందు ఓడ ఎంతుందో కళ్ళ ముందుకి తెచ్చుకో. పొడవు దాదాపు 178 మీటర్లు. ఇలాంటివి ఏడు వరసగా పెడితే విజయవాడలో ప్రకాశం బ్యారేజీ ఈ చివర నుంచి ఆ చివరకి వచ్చేస్తాయి. 2024 సెప్టెంబర్ వరదల్లో బ్యారేజీ గేట్లకి తగులుకున్న బోట్లు తీయడానికి క్రేన్లూ డైవర్లూ పెట్టి రోజుల తరబడి ఎన్ని తిప్పలు పడ్డారో టీవీల్లో చూశావు కదా. అలాంటిది 27,500 టన్నులకి కట్టి, తర్వాత ఇంకా బరువెక్కిన ఓడ, లోపల బురద, ఆయిల్, కుళ్ళు. చెక్కలతో, సిమెంటుతో చిల్లులు మూసి, నీళ్ళు తోడి, 1942 ఫిబ్రవరి 12న తేల్చారు. ఆ పనిలోనే లోపల పేరుకున్న విషవాయువు పీల్చి ఇద్దరు చనిపోయారు. యుద్ధం కథలు చెప్పేటప్పుడు ఈ ఇద్దర్ని దాదాపు ఎవరూ తలుచుకోరు, నాకు అది బాధగా ఉంటుంది.

ఇన్ని దెబ్బలు తిన్నా ఎందుకు నిలిచింది అంటే దాని కవచం గురించి చెప్పాలి. అంతకుముందు ఓడలకి కవచం అన్నిచోట్లా తలా కాస్త వేసేవారు. ఇంటికున్న తలుపులన్నిటికీ రేకు కొట్టించే బదులు ఆ డబ్బంతా పెట్టి బీరువా గదికి ఒక్కదానికే గట్టి ఇనప తలుపు చేయించినట్టు, నెవాడాతో అమెరికా పద్ధతి మార్చింది. మందుగుండు, ఇంజన్లు, ఫిరంగులు ఉన్న చోట పదమూడున్నర అంగుళాల ఉక్కు, మిగతా చోట్ల దాదాపు ఏమీ లేదు. తర్వాత వచ్చిన అమెరికా యుద్ధనౌకలన్నీ ఇదే దారి పట్టాయి. లోపం లేదని కాదు, గాలి వెళ్ళే గొట్టాల్లోంచి నీళ్ళు ఒక గది నుంచి ఇంకో గదికి పాకడం వల్లే పెర్ల్ హార్బర్‌లో అంత లోతుగా మునిగింది.

రిపేర్ల తర్వాత 1943 మేలో అలాస్కా వైపు అట్టూ దీవి దగ్గర పోరాడింది. 1944 జూన్ 6న ఫ్రాన్స్ తీరంలోని నార్మండీలో యూటా బీచ్ ముందు నిలబడి జర్మన్ల మీద గుళ్ళు కురిపించింది. పెర్ల్ హార్బర్‌లోనూ నార్మండీలోనూ ఉన్న యుద్ధనౌక ప్రపంచంలో ఇదొక్కటే. ఆ ఏడాదే దక్షిణ ఫ్రాన్స్, తర్వాత ఫిరంగుల గొట్టాలు అరిగిపోతే మార్చారు. కొత్తగా వేసినవాటిలో కొన్ని ఎక్కడివో తెలుసా? పెర్ల్ హార్బర్‌లో పక్కనే కాలిపోయిన అరిజోనావి! వాటిని బాగు చేసి, నెవాడాకి బిగించారు. జపాన్ దీవులు ఇవో జిమా మీద, ఒకినావా మీద పేలింది ఆ గొట్టాలే. ఒకినావా దగ్గర 1945 మార్చి 27న ఒక ఆత్మాహుతి విమానం వచ్చి గుద్దితే 11 మంది పోయారు, ఓడ మాత్రం తన చోటు వదల్లేదు.

యుద్ధం అయిపోయింది, ముప్పై ఏళ్ళ ఓడ, ఇంక అక్కర్లేదన్నారు. 1946 జూలైలో పసిఫిక్ సముద్రంలోని బికినీ దీవుల దగ్గర అణుబాంబు పరీక్షలకి పాత ఓడల్ని వరసగా నిలబెట్టి, విమానంలోంచి గురి బాగా కనపడాలని మధ్యలో నెవాడాకి నారింజ రంగు పూశారు. బాంబు ఆరు వందల మీటర్లకు పైగా పక్కకి పోయి పేలింది. నెవాడా దెబ్బతింది గానీ మునగలేదు. అదే నెల 25న నీటి లోపల పేల్చిన రెండో బాంబుకీ మునగలేదు. కానీ ఒళ్ళంతా రేడియేషన్ పట్టేసింది. నీ ప్రశ్నకి అసలు జవాబు ఇదే తల్లీ, అలాంటి ఓడ మీదికి జనాన్ని ఎక్కించలేరు కదా. 1948 జూలైలో హవాయి దగ్గర సముద్రంలోకి లాక్కెళ్ళి సొంత నేవీ ఓడలే ఫిరంగులతో కొట్టాయి. ఎంత కొట్టినా తేలుతూనే ఉంది. చివరికి 31న విమానం నుంచి వేసిన టార్పెడోతో మునిగింది. ఇందులో నాకు కోపం తెప్పించేది అణుపరీక్షే. అన్ని ప్రాణాలు పోగొట్టుకుని కాపాడుకున్న ఓడని రంగు పూసి బాంబు కింద పెట్టకుండా ఉండాల్సింది. 2020లో దాని శిథిలాలు 4,700 మీటర్ల లోతులో దొరికాయి.

ఇప్పుడు మీ అన్నయ్య సంగతి. దాదాపు నెవాడా వయసుదే, 1914లో సర్వీసులోకి వచ్చిన టెక్సాస్ అనే యుద్ధనౌక ఇంకా ఉంది. అదీ నార్మండీలో పోరాడిందే. 1948 ఏప్రిల్‌లో, అంటే నెవాడాని ముంచడానికి మూడు నెలల ముందు, దాన్ని హ్యూస్టన్ దగ్గర మ్యూజియంగా నిలబెట్టారు, అమెరికాలో అలా మిగిలిన మొదటి యుద్ధనౌక అదే. అడుగు తుప్పు పట్టిపోతే 2022లో రిపేర్లకి గాల్వెస్టన్ తీసుకెళ్ళారు. హ్యూస్టన్ నుంచి గాల్వెస్టన్ కారులో గంట ప్రయాణం. వెళ్ళే ముందు లోపలికి రానిస్తున్నారో లేదో కనుక్కోమను, రానిస్తే బాయిలర్ గది తప్పకుండా చూడమను. ఫోటోలు వస్తే మాకూ పంపు, సత్యనారాయణపురం బాబాయ్ గారి కోసం ఈ పేజీలో వేస్తాం.