కొత్త కాపురం వనపర్తిలో, హనీమూన్ మనాలీలో అంటున్న చెల్లెకి

మీరు అడిగింది ఇదీ: వచ్చే నెల పెళ్ళి, మీది కోదాడ, ఆయనది సిద్దిపేట, ఉద్యోగమేమో వనపర్తిలో. అక్కడ ఇద్దరికీ చుట్టాలు లేరు, స్నేహితులు లేరు. దాచుకున్న డబ్బులతో మనాలీ పోవాల్నా, ఇల్లు సర్దుకోవాల్నా? కొత్త ఊళ్ళో ఎట్ల అలవాటు పడ్డరు?

మాది మిర్యాలగూడ దగ్గర ఊరు, మా ఆయనది జనగామ దిక్కు. ఆయనది బ్యాంకు ఉద్యోగం, పెళ్ళినాటికి గద్వాల బ్రాంచిలో ఉండె. మీకు పక్క ఊరే కాబట్టి నా మాట కొంతన్నా పనికొస్తదనుకుంటున్న.

మనాలీ వద్దనను. కానీ పెళ్ళైన వారానికే సూట్‌కేసు పట్టుకొని పోకండి. ముందు వనపర్తిలో ఇంటి తాళంచెవి చేతికి తీసుకోండి. ఒక పరుపు, ఒక స్టవ్వు, నాలుగు గిన్నెలుంటే చాలు. ఆ ఇంటినుంచే చుట్టుపక్కల తిరగండి. మనాలీ మొదటి పెళ్ళిరోజుకు పోవచ్చు, మంచు యాడికి పోదు.

నేనిట్ల అనడానికి కారణముంది. మీ ఇద్దరికీ ఆ ఊరు కొత్త కావడం కష్టమని మీరనుకుంటున్నరు, నేనైతే అదృష్టమంటా. మా అక్క కాపురం బావ సొంతూళ్ళోనే. ఏ దుకాణానికి పోయినా ఆమె ఇప్పటికీ ఫలానా వాళ్ళ కోడలే. కూరగాయలామె కాడ బేరమాడితే సాయంత్రానికి అత్తకు తెలుస్తది. గద్వాలలో మా ఇద్దర్నీ ఎవరూ ఎరగరు. దారి ఇద్దరం అడిగినం, ఇద్దరం తప్పిపోయినం. ‘నీకేం తెలుసు, ఇది మా ఊరు’ అనే మాట మా ఇంట్లో పుట్టనే లేదు. కొత్త సంసారంలో ఆ మాట లేకపోవడం ఎంత మేలో నేను ఎంతచెప్పినా తక్కువే.

నిజానికి మాది మొదట హనీమూన్ కాదు, మొక్కుల యాత్ర. కొత్త జంట యాదగిరిగుట్టలో సత్యనారాయణ వ్రతం చేసుకోవాలన్నరు, సరేనన్నం. జీపులో మేమిద్దరం, వెనక మేనత్తలు, చిన్నమ్మలు, వాళ్ళ పిల్లలు, పులిహోర గిన్నె. ఫోటోలన్నిట్లో మా మధ్యన ఎవరో ఒక పిల్లగాడు ఉంటడు. మీ ఇండ్లల్ల కూడా ఇట్లాంటివి ఉంటయి, వాటిని హనీమూన్ లెక్కల్లో కలపకండి, విడిగా కానియ్యండి.

అసలు ప్రయాణం గద్వాలలో ఇల్లు తీసుకున్నంక. శ్రీశైలం పోదామని బండి మీద బయల్దేరినం. వనపర్తి, నాగర్‌కర్నూల్, అచ్చంపేట, మన్ననూరు దారి. అచ్చంపేట దాటినంక బండి చైను తెగింది. పొద్దు గుంకుతుంది, అటూ ఇటూ పొలాలు. ఒక ట్రాక్టరాయన మెకానిక్‌ను పిలిపించి, ఆయన వచ్చి, చైను తెచ్చి వేసేసరికి చీకటి పడ్డది. మన్ననూరు చెక్‌పోస్టు కాడికి చేరంగనే గేటు పడి ఉంది. అమ్రాబాద్ పులుల అభయారణ్యం గదా, రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా బండ్లు పోనియ్యరు. బతిమిలాడితే గార్డు నవ్వి, "పులికి మీది కొత్త పెళ్ళని తెల్వదమ్మా" అన్నడు.

మళ్ళా అచ్చంపేటకే వెనక్కి. లాడ్జి కౌంటర్ మీదున్న పెద్దాయన నా ఆధార్ కార్డు తిప్పి తిప్పి చూసిండు. ఇంటిపేరు వేరే, ఊరు వేరే, జిల్లా వేరే. మా ఆయనను వదిలేసి నన్నే అడిగిండు, "ఈ సార్ మీకేమైతడమ్మా?" అని. నాకు ఒళ్ళు మండింది, మా ఆయనేమో సిగ్గుతో గోడ మీది క్యాలెండర్ చదువుతున్నడు. పెండ్లిపత్రిక ఉందా అన్నడు, లేదు. ఫోన్లు రెండూ చార్జింగ్ లేక చచ్చిపోయినయి. చివరికి నా కుడి అరచెయ్యి చాపిన. మైదాకు ఇంకా పోలేదు, అందులో మా ఆయన పేరు రాసి ఉంది. పెద్దాయన కండ్లద్దాలు పెట్టుకొని, నా చెయ్యి లైటు కిందికి జరిపించి, మా ఆయన ఆధార్ పక్కన పెట్టి అక్షరం అక్షరం సరిచూసుకున్నడు. అప్పుడు రిజిస్టర్‌లో ‘భార్య’ అని రాసి గది తాళం ఇచ్చిండు. అందుకే చెప్తున్న, పెండ్లిపత్రిక ఒకటి బండి డిక్కీలో పడెయ్యండి. పెళ్ళి రిజిస్ట్రేషన్ కూడా ఆలస్యం చెయ్యకండి. ఆధార్‌లో అడ్రసు మార్చుకునేటప్పుడు ఆ సర్టిఫికెట్ తోడుంటే సగం ప్రశ్నలు తగ్గుతయి.

తెల్లారి గేటు తీయంగనే అడవిలకు పోయినం. వటవర్లపల్లి దాకా రోడ్డు మీద మాకు ఎదురొచ్చినవి జింకలు, ఒక ఆర్టీసీ బస్సు, అంతే. దోమలపెంట దాటినంక ఘాట్ మలుపుల్లో కింద కృష్ణ, ఆమీద శ్రీశైలం డ్యామ్ ఒక్కసారిగా కనపడ్డయి. బండి ఆపి ఎంతసేపు నిలబడ్డమో. ఆ లోపు ఒక కోతి మా పల్లిపట్టీల కవరు ఎత్తుకపోయింది. ముందురోజు చైను తెగకుంటే మేము ఆ అడవి మధ్యాహ్నం ఎండలో, లారీల మధ్యన దాటేవాళ్ళం.

అలంపురానికి మాత్రం రైలెక్కినం. గద్వాల నుంచి కర్నూలు దారిలో జోగులాంబ హాల్ట్‌ల దిగితే గుడికి ఆటోలుంటయి. నవబ్రహ్మ ఆలయాలు బాదామి చాళుక్యుల కాలం నాటివి, 7వ శతాబ్దం నుంచి కట్టినవి. పేరు బ్రహ్మదైనా లోపలున్నది శివలింగాలే. అక్కడ నాకు బాగా నచ్చింది కూడవెల్లి సంగమేశ్వరాలయం. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్ళల్ల మునిగిపోతదని పాత చోటు నుంచి విప్పి తెచ్చి ఇక్కడ మళ్ళా నిలబెట్టిన గుడి అది. బోర్డు చదివి మా ఆయన, "దేవునికి కూడా ట్రాన్స్‌ఫర్ తప్పలే" అన్నడు. బ్యాంకోడి బాధ బ్యాంకోనిది.

కృష్ణ మీది జూరాల ప్రాజెక్టు గురించి ఒక్క మాటే చెప్తా: వానాకాలంలో గేట్లు ఎత్తినప్పుడు పోండి, అక్కడి చేపలు తినకుండ రాకండి.

ఇక ఇల్లు. నల్గొండ జిల్లా దాన్ని గనుక ఇల్లు చూడబోతే నా మొదటి ప్రశ్న కిరాయి కాదు, నీళ్ళు. మర్రిగూడ, మునుగోడు దిక్కు ఫ్లోరైడ్ నీళ్ళతో వంగిపోయిన కాళ్ళు చిన్నప్పటినుంచి చూసినోళ్ళం, బోరు నీళ్ళను తొందరగా నమ్మం. భగీరథ నల్లా ఎప్పుడొస్తది, ఎంతసేపొస్తది, సంపు ఉందా, అందులో మన వాటా ఎంత, ఇవి అడ్వాన్సు ఇయ్యకముందే తేల్చుకోండి. ఇల్లు చూపించేటోళ్ళు గాలి, వెలుతురు చూపిస్తరు గానీ సంపు మూత తీసి చూపించరు. మీరే అడిగి తీయించండి. కులమేంది, మాంసం వండుతరా అని కూడా అడుగుతరు. మాకు ఒకచోట ఇల్లు నచ్చి కూడా ఆ ప్రశ్నకే తిరిగొచ్చినం. ఇప్పటికీ దాని మీద నాకు కోపమే.

దొరికిన ఇల్లు నేతోళ్ళది. కింద వాళ్ళ మగ్గం, పైన మేము. పొద్దున లేవంగనే మగ్గం చప్పుడు. గద్వాల చీర ఒళ్ళంతా నూలు, అంచూ కొంగూ పట్టు. ఆ రెండూ కలిసే చోట పోగుకు పోగు ముడేసినట్టు నేస్తరు, కుప్పడం అంటరు. దాన్ని దగ్గర కూర్చొని చూసినంక షాపులో ధర చూసి ‘అబ్బో’ అనడం మానేసిన.

నాకు ఆ ఊరిని దగ్గర చేసింది ఓనరమ్మ. మేము సాగర్ ఎడమ కాలువ కింది మనుషులం, మూడు పూటలా అన్నమే. నడిగడ్డలో, అంటే కృష్ణా తుంగభద్రల నడుమ ఆ నేలలో, జొన్నరొట్టె లేకుంటే తిన్నట్టే కాదు. ఆమె నన్ను పీట ముందు కూర్చోబెట్టి నేర్పింది. నీళ్ళు బాగా మరగాలె, పిండి మీద పోసి గరిటెతో కలిపి, చెయ్యి పట్టేంత వేడి ఉన్నప్పుడే పిసకాలె. చల్లారనిస్తే అంచులు పగుల్తయి. పొడిపిండి చల్లి, అరచేత్తో తడుతూ గుండ్రంగ తిప్పాలె, పెనం మీద వేసినంక పైభాగాన తడిబట్టతో నీళ్ళు అద్దాలె. ఆ తడి ఆరంగనే తిప్పెయ్యాలె, లేకుంటే పొంగదు. నా మొదటి రొట్టెలు తెలంగాణ మ్యాపు లెక్క వచ్చినయి. ఆమె నవ్వలేదు, "పొట్టలకు పోయినంక ఏ రొట్టెకైనా ఒకటే ఆకారం బిడ్డా" అన్నది.

ఎవరూ ముందుగా చెప్పని సంగతి ఒకటుంది. తిరుగుళ్ళు అయిపోయినంక వచ్చే మొదటి సోమవారం. ఆయన 9 కొట్టంగనే బ్యాంకుకు పోతడు. గిన్నెలు కడుగుతవు, బట్టలు ఆరేస్తవు, గడియారం చూస్తే ఇంకా 11. పుట్టింట్లో ఆ టైముకు పది గొంతులుంటయి. ఏడుపొస్తది. అది మొగుని మీద కోపం కాదు, ఊరి మీద కోపం కాదు, ఊకెనే వస్తది. సాయంత్రం ఆయన వచ్చి "ఏమైంది" అంటే చెప్పడానికి ఏమీ ఉండదు. నేను దానికి మందుగా ఊరు తిరిగిన. కోటలోని చెన్నకేశవస్వామి గుడి, గ్రంథాలయం, కూరగాయల మార్కెట్, ఉగ్గాని బజ్జీ బండి. ఎవరన్నా పలకరిస్తే ఆగిన. కొన్నాళ్ళకు నాకే ఊరు బాగా తెలిసింది, ఆయనకు బ్యాంకు, ఇల్లు తప్ప ఏదీ తెల్వదు. టైలరెక్కడ, మంచి పాలెక్కడ అని నన్నే అడిగేటోడు. తర్వాత బడిలో టీచరుగా చేరిన గానీ, ఊరితోని నా సంబంధం మొదలైంది ఆ పగటి తిరుగుళ్ళల్లోనే. మీకు ఉద్యోగం ఉందో లేదో రాయలేదు. లేకుంటే మొదటి నెల ఇంట్లోనే కూర్చోవద్దు.

ఇద్దరమ్మల ఫోన్లు రోజూ వస్తయి. ఏం కూర అని మొదలై ఎక్కడికో పోతది. మేము పెట్టుకున్న పద్ధతి ఒక్కటే: ఆనాటి గొడవ ఆనాడు ఫోనులో చెప్పొద్దు. మర్నాటికి మనకే గుర్తుండదు, అమ్మకు మాత్రం పదేండ్లు గుర్తుంటది. డబ్బు సంగతి పెళ్ళికి ముందే మాట్లాడుకోండి: ఆయన ఇంటికెంత పంపుతడు, మీరెంత పంపుతరు. పెళ్ళి తర్వాత అడిగితే లెక్క అడిగినట్టుంటది, ముందే అడిగితే మాట అడిగినట్టుంటది.

ఇక మీకు తిరగడానికి. వనపర్తి నుంచి శ్రీరంగాపూర్ రంగనాథస్వామి గుడి, పక్కనే చెరువు, ఒక సాయంత్రం చాలు. కొల్లాపూర్ దాటి సోమశిల కృష్ణ ఒడ్డున ఉంటది, పర్యాటక శాఖ కాటేజీలున్నయి. శని, ఆదివారాలు కాకుండ పోతే నది మొత్తం మీదే. జాతీయ రహదారి మీద బీచుపల్లి ఆంజనేయస్వామి. గద్వాల దిక్కొస్తే మల్దకల్ తిమ్మప్ప, జమ్మిచేడు జములమ్మ.

పెళ్ళి తేదీ రాయలేదు. ఆషాఢం దగ్గర్లో ఉంటే మాత్రం మీ పెద్దోళ్ళు మిమ్మల్ని కోదాడకు పిలుచుకపోతరు, ఆ నెల వదిలేసి ప్లాన్ చేసుకోండి. నల్లమల అడవిలోని మల్లెలతీర్థం జలపాతానికి ఎండాకాలంలో పోతే రాళ్ళే కనపడ్తయి, వానలు పడ్డంక పోతేనే నీళ్ళు. మెట్లు చాలా ఉంటయి, పట్టుచీరతో దిగకండి. అదే అడవిలోని ఫరహాబాద్ జీపు సఫారీ మాత్రం జులై నుంచి సెప్టెంబరు దాకా బంద్ ఉంటది, కాబట్టి రెండూ ఒకే ప్రయాణంలో పెట్టుకోవాలంటే దసరా తర్వాత చూసుకోండి. మన్ననూరు గేటు మాత్రం 9 లోపు దాటండి.