ముంజకాయల బండి ఎడమకే ఎందుకు గుంజుతది?

"మా నాయన 1950లల్ల దేవరకొండ దిక్కు ముంజకాయల బండి తోలెటోడట. పిల్లలకు చేసిస్తే నాలుగు అడుగులకే చక్రాలు ఊడినయి, ఉన్నంతసేపు ఎడమకే పోయింది" అని ఒకరు అడిగిన్రు. ముంజలు తీసిన రెండు తాటికాయలను చక్రాలుగ ఇరుసుకు గుచ్చి, పంగలకట్టెతోని (కొస రెండుగ చీలిన కట్టె) తోసే ఆటబండి ఇది. చక్రాలు ఊడుడు, ఎడమకు గుంజుడు రెండు వేరువేరు తప్పులు.

ఎడమకు గుంజుడు కాయల వల్ల. ఇరుసు, రెండు కాయలు కలిసే తిరుగుతయి గదా, ఏ కాయ చిన్నదైతే బండి ఆ దిక్కే మళ్లుతది. ఒకే గెలల కాయలు తీసుకొని, దారంతోని నడుమ చుట్టుకొలత చూసి జత కట్టుండ్రి. విజయవాడ రోడ్డు మీద చౌటుప్పల్, చిట్యాల దిక్కు ముంజలు అమ్మేటోళ్లను అడిగితే ఖాళీ బుర్రలు ఊరికెనే ఇస్తరు. కాకపోతే వాళ్లు తొందరల లోతుగ నరుకుతరు, అసొంటియి పనికిరావు.

తల పలుచగ చెక్కాలె, మూడు కన్నులు కనబడితే చాలు. బొటనవేలితోని ముంజ తీసేటప్పుడు కన్నుల నడుమ గోడ చినగొద్దు. ఇరుసును పట్టుకునేది ఆ నడిమి పీచే. అది చినిగినంక ఎంత మంచి కట్టె పెట్టినా నిలువది. మరీ లేతకాయ కూడ వద్దు, నీరునీరుగ ఉండి బొక్క పెద్దదయితది.

ఇరుసుకు ఎండిన కంది కట్టె పెడుతుంటరు, అది పెళుసు, రాయి తగిలితే ఫట్టుమంటది. పచ్చి వేప కొమ్మ మేలు: చిటికెన వేలు లావు, జానెడున్నర పొడుగు, రెండు కొసలు చెక్కాలె. సన్నటి మొలతోని దారి చేసి, మూడు కన్నుల నడుమ నుంచి తొడిమె దిక్కు రాయితోని కొట్టి దించాలె. కట్టెంత లావు బొక్క ముందే పొడిస్తే పట్టు పోయినట్టే. మీ చక్రాలు ఊడింది బహుశా దీనివల్లనే.

కాయల కాడ బిగువుండాలె, పంగ కాడ వదులుండాలె. పంగలకట్టె పిల్లగాని ఛాతీ ఎత్తు కన్న జానెడు ఎక్కువుంటే వంగకుండ తోలొచ్చు. పంగ లోపలి బెరడు గీకి ఇంత ఆముదం రాయండ్రి. ఒక కొమ్మ ఇరుసు మీద, ఇంకోటి ఇరుసు కింద రావాలె. రెండూ మీది నుంచే ఆనిస్తే గుంతల పడ్డప్పుడల్ల పంగ ఎగిరిపోతది. పంగ పక్కకు జరిగి కాయకు రాసుకోకుండ ఇరుసుకు అటిటు నారతోని రెండు ముడులు వేస్తే సరి.

కాయ ఎండుతుంటే పీచు కుంచించుకపోయి ఇరుసు ఊగుతది. వేపపుల్ల చీల్చి సందుల కొడితే ఇంకొన్నాళ్లు నడుస్తది. నీళ్లల్ల నానబెట్టకుండ్రి, కుళ్లుతది, చీమలు పడతయి. కొత్త కాయలు దొరికే కాలంల పాతవాటికి అంత తిప్పలెందుకు?

అదే తాటిచెట్టు ఆకుతోని చేసే, గాలికి తిరిగే గిరక సంగతి కూడ అడిగిన్రు. బెత్తెడు ఆకు ముక్కలు రెండు అడ్డదిడ్డంగ పెట్టి, నడుమ తుమ్మముల్లు గుచ్చి, జొన్న సొప్ప బెండుల దించుడే. తిరగకుంటె రెక్కలు చదునుగ ఉన్నట్టు. ప్రతి రెక్కను ఒకే వాటం జరంత మెలిపెట్టాలె. ఆకుల బొక్క ముల్లు కన్న పెద్దగుండాలె, ఆకుకు సొప్పకు నడుమ చిన్న బెండు ముక్క ఉంటె రాసుకోదు.